తీసివేతలో మిగలనిది

బడి ఆటో వచ్చే వేళకు కుముద సంచీ భుజాన తగిలించుకుని, రాగి చెంబులో నీళ్ళు తాగి, వీధి గడప దగ్గర కదలకుండా నిలబడాలి. అది ఆ ఇంటి చట్టం. ఎదురుగా వాళ్ళమ్మ చౌడేశ్వరి మోకాళ్ళ మీద కూర్చుని, పిల్లను నెత్తి నుంచి చెప్పుల దాకా కన్నార్పకుండా చూసేది. దానికి 'పొద్దున చూపు' అని పేరు పెట్టింది కుముదే. బయట ఆటో అతను హారన్ మీద హారన్ కొడుతుంటే పిల్లకు నవ్వు ఆగేది కాదు. నవ్వితే చూపు చెడుతుంది. మళ్ళీ మొదటినుంచి చూడాలి.

"ఇంక చాల్లేమ్మా, కన్నార్పు," అనేది చివరికి.

చౌడేశ్వరి కన్నార్పేది. కుముద తుర్రున వెళ్ళి ఆటో ఎక్కేసేది.

చూసేవాళ్ళకు అది తల్లీకూతుళ్ళ ముద్దులాట. నిజానికి ఆ చూపు అవసరం పిల్లకు కాదు, తల్లికి. ఎందుకో చెప్పాలంటే ముందు ఆమె ఉద్యోగం సంగతి చెప్పాలి.

మదనపల్లె ఊరి బయట, వేరుశనగ చేల మధ్య ఒక తెల్లటి కట్టడం ఉంది. దాని పేరు ఆకాశ సర్వే కేంద్రం. అక్కడ పేద్ద టెలిస్కోపు ఉంటుందనుకుని బడిపిల్లలు బస్సులు కట్టించుకుని వస్తారు, వరసగా కూర్చున్న కంప్యూటర్లను చూసి ఉసూరుమంటూ వెళ్ళిపోతారు. టెలిస్కోపు ఉన్నది లద్దాఖ్ కొండల మీద. మామూలు టెలిస్కోపు ఆకాశాన్ని సూది బెజ్జంలోంచి చూస్తే, ఇది చాప పరిచినంత మేర ఒక్క చూపులో చుట్టేస్తుంది. అది తీసిన బొమ్మలు తెల్లారేసరికి మదనపల్లెకు వస్తాయి. ఒక్కో బొమ్మలో లక్షల గెలాక్సీలు. వాటిలో ఎక్కడో ఒకచోట ఒక పెద్ద నక్షత్రం బతుకు చాలించి పేలిపోయి ఉంటుంది. అట్లా పేలిన నక్షత్రం కొన్నాళ్ళపాటు తన గెలాక్సీ మొత్తంతో పోటీపడి వెలుగుతుంది. దాన్ని వెంటనే పట్టుకోవాలి.

పట్టుకోవడానికి ఆ వృత్తిలో అందరూ చేసే పని ఒక్కటే. కొత్త బొమ్మలోంచి పాత బొమ్మను తీసేస్తారు. మారనిదంతా పోతుంది, మారింది మిగులుతుంది. చెప్పడానికి సులువే గానీ మిగిలినదాంట్లో ముప్పాతిక భాగం చెత్త. ఉపగ్రహం గీసిన గీతలు, అద్దం మీది మెరుపులు, ఎక్కడినుంచో వచ్చి కెమెరాను తాకిన రేణువుల మచ్చలు. ఏది నక్షత్రమో ఏది చెత్తో తేల్చడంలో కంప్యూటరు తడబడుతుంది. అలవాటైన మనిషి కన్ను తడబడదు, కానీ ఒక కన్ను ఎన్ని బొమ్మలని చూస్తుంది?

చౌడేశ్వరి ఆ తీసివేతను మనిషి తలలోనే పెట్టింది. కుడిచెవి వెనక, చర్మం కింద, బియ్యపుగింజంత ముక్క. దాన్ని తయారుచేసిన ఇంజనీరు ఖాదర్‌వల్లి, ఆలోచన ఆమెది. ఒకసారి నిదానంగా చూసిన దృశ్యాన్ని ఆ గింజ దాచుకుంటుంది. మళ్ళీ అదే కంటబడితే మెదడు దాకా పోనివ్వదు. మారిన ముక్కను మాత్రం దీపంలా వెలిగించి చూపిస్తుంది. ఆఫీసులో దానికి 'జల్లెడ' అని పేరు పడింది. ప్రయోగం కదా, ముందు ఇంకొకరి తలలో పెట్టడానికి ఆమె ఒప్పుకోలేదు. తన తలలోనే పెట్టించుకుంది.

ఆ తర్వాత ఆమెకు తిరుగులేకపోయింది. గోడంత తెర మీద గెలాక్సీలు పరిస్తే ఆమెకు అంతా నల్లగా ఉండి, పేలిన నక్షత్రం ఒక్కటే భగ్గున కనిపించేది. చెయ్యి చాపి "అదిగో" అనేది. పక్కవాళ్ళు కంప్యూటరు తెరిచి సరిచూసుకునేలోపు ఇంకోటి చూపించేది.

ఒక్కటే చిక్కు. జల్లెడకు ఆఫీసూ ఇల్లూ తేడా తెలియదు.

మొదట్లో ఇంటికి వస్తే నరకమే. పాత బొమ్మ లేని ఇల్లు కాబట్టి గోడా, గిన్నే, మొగుడూ, మంచమూ అన్నీ ఒకేసారి భగ్గుమని మీద పడేవి. అందుకని ఆఫీసులో ఆకాశానికి చేసిన పనే ఇంట్లోనూ చేసింది. సెలవు పెట్టి కూర్చుని, ఇంటిని మూలమూలా కుదురుగా చూసి పాత బొమ్మ సిద్ధం చేసుకుంది. ఇల్లు రోజూ ఎంతో కొంత మారుతుంది కనుక, రోజూ పొద్దున అందరినీ మరోసారి చూసి ఆ బొమ్మను తాజా చేసుకునేది. పాత బొమ్మ ఎంత తాజాగా ఉంటే తీసివేత అంత శుభ్రంగా వస్తుంది. ఈ కిటుకు కూడా ఆమెదే, ఆఫీసులో ఆకాశం బొమ్మలకూ దాన్నే వాడారు. దీనికి ఆమెకు బహుమతి ఇచ్చి శాలువా కప్పారు.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో అందరికీ సరదాగానే ఉండేది. గ్యాస్ కట్టెయ్యకపోతే వాకిట్లోంచే చెప్పేది. కుముద మోచేతి గీతను గౌను చేతుల కింద దాచుకున్నా పట్టేసేది. "మా అమ్మకు తెలీకుండా మా ఇంట్లో చీమ గూడా దావ మార్చుకోదు," అని పిల్ల బడిలో గొప్పలు పోయేది.

సరదా ఎప్పుడు తీరిపోయిందో ఎవరికీ సరిగ్గా తెలియదు. టమోటా మండీలో లారీలకు సరుకు ఎక్కించే ఆమె మొగుడు మునిరత్నం ఒకరోజు భోజనాల దగ్గర, "కొత్త చొక్కా తొడుక్కుంటేనే మొగుడు కనపడ్తాడు మా ఇంట్లో. బట్టలంగిడోడు బాగుపడ్తా ఉండాడు," అని ఎగతాళి చేశాడు. చౌడేశ్వరి నవ్వింది. కానీ అది ఎగతాళి కాదని ఆమెకు తెలుసు. ఆయన చొక్కా కనపడుతుంది. మాట్లాడుతుంటే పెదవులు కనపడతాయి. కూర్చుని ఊరికే తనవంక చూస్తుంటే మాత్రం ఆ కుర్చీలో మసక తప్ప ఏమీ ఉండదు.

కుముద వాళ్ళ నాయన కన్నా తెలివైంది. ఆ పిల్ల బొట్టుబిళ్ళల అట్టలు కొనిపించుకుంది. సాయంత్రం బడినుంచి రాగానే ఒక బిళ్ళ కొత్తచోట అంటించుకుని తల్లి ముందుకు వచ్చేది. ఒకనాడు కనుబొమ పక్కన, ఒకనాడు బుగ్గ మీద, ఒకనాడు ముక్కు కొసన. చౌడేశ్వరి వంటింట్లోంచి తల తిప్పేది. "ఏందే ఆ వేషం!" అనేది. పిల్ల ముఖం విప్పారేది. విప్పారినంతసేపు ఆ ముఖం తల్లికి కనపడేది కూడా. అందుకోసమే ఆ పిల్ల అంత తంటాలు పడేది.

చలికాలం వెళ్ళే రోజుల్లో ఒక సాయంత్రం మునిరత్నం కుముద గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడు.

"ఈశ్వరీ, ఇట్ల రా. బిడ్డ కండ్లు పచ్చగా లేవూ?"

చౌడేశ్వరి వచ్చి చూసింది. నిదానంగా, కన్నార్పకుండా చూసింది.

"ఏం మారలేదే," అంది.

"నాకెందుకో అట్ల అనిపిస్తాది. అన్నం గూడా సరింగా తినడం లేదు."

"నాకు కనపడనిది నీకు కనపడిందా? లక్ష గెలాక్సీల్లో చిన్న చుక్క పట్టేదాన్ని, ఇంట్లో పిల్ల కండ్లు తెలీవా?"

ఆయన పిల్ల గడ్డం వదిలేశాడు. ఎవరు మాత్రం ఎదురు చెప్తారు? ఆ కన్ను గురించి పేపర్లో రాశారు. నెల తర్వాత మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే మాట. ఆ తర్వాత ఆయన తన కళ్ళనే నమ్మడం మానేశాడు.

చింతచెట్లు చిగురేసే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఖాదర్‌వల్లి ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ నవ్వుతూ వచ్చే మనిషి, ఆ రోజు నీళ్ళు నమిలాడు.

"అక్కా, వేరే దేశం టీమోళ్ళు ఒక సూపర్‌నోవా ప్రకటించినారు. మనం దినామూ చూసే చోటే."

"ఎప్పుడు పేలింది?"

"పేలి చాన్నాళ్ళయింది. వెలుగు మెల్లగా పెరిగే రకం. ఇంత పెద్దది ఇంతవరకూ ఎవురూ చూళ్ళేదంట."

"మరి నా కంటికెందుకు పళ్ళేదు?"

ఖాదర్‌వల్లి తెర మీద ఆ గెలాక్సీ బొమ్మలను వరసగా పెట్టాడు. "దినామూ పాత బొమ్మను తాజా చేస్తా ఉండాం గదక్కా. ఈ దినం పెరిగిన వెలుగు రేపటికి పాత బొమ్మలో కలిసిపోతా ఉండాది. రేపు పెరిగింది ఎల్లుండికి. ఏ పొద్దు చూసినా తేడా చూపించేంత లేదు. మనమే దాన్ని కొంచెం కొంచెంగా మింగేసినాము."

మొదట ఆమెకు ఒళ్ళు మండిపోయింది. కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరయింది. శాలువా కప్పిన కిటుకే కొంప ముంచింది. ఢిల్లీలో పైవాళ్ళకు ఏం చెప్పాలి? ఎట్లా సరిదిద్దాలి? ఆమె లేచి అటూ ఇటూ తిరుగుతూ ఏదో అంటూనే ఉంది.

ఉన్నట్టుండి నిలబడిపోయింది.

రోజూ చూసేది. రోజూ తాజా చేసేది. మెల్లగా మారేది.

"ఖాదర్," అంది. "బండి తీ. బడికి పోదాం."

ఆమె స్కూటీ నడపడం ఎప్పుడో మానేసింది. దారిలో రోజూ ఒకేచోట ఆగి ఉండే లారీలు ఆమెకు కనపడవు. ఖాదర్‌వల్లి బైకు వెనక కూర్చుని, దారి పొడుగునా అతని భుజాన్ని గట్టిగా పట్టుకునే ఉంది. ఎందుకని అతను అడగలేదు. దారిలోనే అతనికీ అర్థమైనట్టుంది.

టీచరు కుముదను వరండాలోకి తీసుకొచ్చింది. చౌడేశ్వరి చూసింది. పొద్దున లేని సుద్దపొడి చేతులకు ఉంది. జడ ఒకటి ఊడి ఉంది. ఎడమ బుగ్గ మీద ఎర్రటి బొట్టుబిళ్ళ ఉంది, సాయంత్రం కోసం ముందే అంటించుకున్నట్టుంది. అంతే. ముఖం ఉండాల్సిన చోట మసక ఉంది, ఎందుకంటే దాన్ని పొద్దున చూసింది.

"ఖాదర్, బిడ్డ కండ్లు ఏ రంగులో ఉండాయి?"

అతను పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. రెప్ప ఎత్తి చూశాడు, పాదం నొక్కి చూశాడు.

"పసుపు కలిపినట్టు ఉండాయక్కా. ముఖం వాచి ఉండాది. కాళ్ళు గూడా."

టీచరు చీర కొంగు నలుపుతూ, "మేం అనుకుంటానే ఉండాం మేడం," అంది. "చెయ్యి వణికి రాత గూడా పాడైపోయింది. మీరే డాక్టరు గదా, మీకు తెలీకుండా ఉంటాదా అని ఊరుకున్యాం."

చౌడేశ్వరి డాక్టరే. నక్షత్రాల చావు మీద పరిశోధన చేసి తెచ్చుకున్న డాక్టరేటు అది.

"నాయన చెప్పినాడు గదమ్మా," అంది కుముద, తప్పు తనది కాదన్నట్టు. "నువ్వే ఏం మారలేదన్న్యావు."

బెంగళూరు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ కుముద కంట్లోకి లైటు వేసి చూసి, ఇంకోసారి చూసింది. పుట్టుకతో వచ్చిన జబ్బు అని చెప్పింది. తిండిలో వచ్చే రాగిని ఒళ్ళు బయటికి పంపలేదు. అది కాలేయంలో పేరుకుంటుంది, ఆపైన మెదడులో, కళ్ళలో. రాగి చెంబు నీళ్ళ సంగతి మునిరత్నం అడగబోయి అడగలేక అడిగాడు. అది కారణం కాదనీ, అయినా ఇక వద్దనీ ఆమె చెప్పింది.

"ముందే తెచ్చుంటే?" అంది చౌడేశ్వరి.

"ముందే అంటే మాత్రలతో అదుపులో ఉండేదండీ. బడికి పోతూ ఆడుకుంటూ ఉండేది." డాక్టరమ్మ ఆమె ముఖం చూసి గొంతు తగ్గించింది. "నల్లగుడ్డు అంచు చుట్టూ రాగి ఉంగరంలా కట్టేసింది. దగ్గరగా చూస్తే ఇంట్లోవాళ్ళకూ తెలుస్తుంది."

"నాకు చూపించండి."

పిల్ల కన్ను ఎంత చూసినా ఆమెకు మసకే. చివరికి డాక్టరమ్మ తన ఫోనుతో నల్లగుడ్డును బాగా దగ్గరగా ఫొటో తీసి ఇచ్చింది. అంత దగ్గరగా ఆమె ఎన్నడూ చూడలేదు కాబట్టి అది ఎవరి కన్నో జల్లెడకు తెలియలేదు. నల్లగుడ్డు అంచున, గుండ్రంగా, తేనె రంగులో ఒక ఉంగరం మెరిసింది.

ఆమె ఇట్లాంటి ఉంగరాలను వందల కొద్దీ చూసింది. పేలిన నక్షత్రం చుట్టూ మిగిలే ధూళి అట్లాగే వెలుగుతుంది. రాగి పుట్టేది పెద్ద నక్షత్రాల కడుపులో. అవి పేలితేనే లోకాల్లో చల్లుకుంటుంది. ఆకాశమంతా వెతికి ఆమె పట్టుకున్నది దాన్నే. ఇంట్లో, చెయ్యి చాపితే అందే కంట్లో, దినదినమూ పేరుకుంటున్నది కూడా అదే. పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చుని ఆమె దాన్ని కొంచెం కొంచెంగా మింగేసింది. ఆసుపత్రి వరండాలో గోడకు తల ఆనించి చౌడేశ్వరి ఏడ్చింది. జనం ఆగి చూస్తున్నా ఏడ్చింది. మునిరత్నం ఆమెను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

కాలేయం మార్చాలన్నారు. వేరేచోట నుంచి దొరికేదాకా ఆగే ఓపిక పిల్లకు లేదు. తండ్రి రక్తం పొసగలేదు, తల్లిది పొసగింది. ఆమె కాలేయంలో ముక్క కోసి పిల్లకు పెట్టొచ్చు. దానికి ముందు ఆమెకు ఎమ్మారై తియ్యాలి. తలలో లోహపు గింజతో ఆ యంత్రంలోకి పోవడానికి లేదు.

"తీసేయండి," అంది చౌడేశ్వరి, వాక్యం పూర్తికాకముందే.

మదనపల్లె నుంచి వచ్చిన ఖాదర్‌వల్లి ఆమెను కిటికీ దగ్గరికి పిలిచాడు.

"తీస్తే ఏమవుతుందో ఇను అక్కా. జల్లెడ పెట్టినప్పట్నించి నీ మెదడు మారనివాటిని దాచిపెట్టుకోవడం మానుకున్యాది. ఆ పనంతా జల్లెడకు వదిలేసి హాయిగా కూర్చున్యాది. ఇంట్లో ముఖాలన్నీ ఇప్పుడు దాంట్లోనే ఉండాయి. అది పోతే అవీ పోతాయి. పేర్లు ఉంటాయి, జరిగిన సంగతులు ఉంటాయి, గొంతులు ఉంటాయి. ముఖాలుండవు."

"మళ్ళీ చూస్తే గుర్తుకు రావా?"

"కొత్తోళ్ళను చూసినట్టే చూస్తావు."

"కాపీ తీసి పెట్టు."

"పెడ్తా. అది నీకు అర్థం కావాలంటే మళ్ళీ జల్లెడ పెట్టించుకోవాల."

పెట్టించుకుంటే మళ్ళీ పిల్ల కనపడదు. ముఖం గుర్తుండి కనపడకపోవడం ఒకటి, కనపడి గుర్తు లేకపోవడం ఇంకొకటి. ఇంట్లో ఉన్న ఫొటోలు ఉంటాయి, కానీ అవి ఎవరో పిల్ల ఫొటోలుగా ఉంటాయి. అన్నిటికన్నా ఆమె గుండెను నలిపింది వేరే భయం. ఆపరేషను బల్ల మీద పిల్ల పోతే? తలచుకుని ఏడవడానికి కూడా ముఖం ఉండదు. ఏ తల్లికైనా ఆ మాత్రం మిగులుతుంది. తనకు అదీ మిగలదు.

"తీసేయమని చెప్పు," అంది మళ్ళీ. ఈసారి మాట మెల్లగా వచ్చింది.

గింజ తీసే ముందురోజు మధ్యాహ్నం ఆమె కుముద మంచం పక్కన కూర్చుంది. దుప్పటి కనపడుతోంది. సెలైన్ గొట్టంలో జారే బొట్టు కనపడుతోంది. సూదులు గుచ్చిన చోట కొత్తగా కమిలిన మచ్చ కనపడుతోంది. పిల్ల మాత్రం లేదు. పొద్దున చూడనని ఒట్టు పెట్టుకుంది గానీ, ఇన్ని రోజుల చూపు ఆ గింజలో గడ్డకట్టి ఉంది. ఫోనులో ఫొటో తెరిస్తే అక్కడా అంతే. తెలిసిన ముఖం ఎక్కడున్నా జల్లెడ ఊరుకోదు.

"అమ్మా, నేను కనపడ్తా ఉండానా?" అంది కుముద.

ఇన్నాళ్ళూ ఆ మాట పిల్ల అడగలేదు, తల్లి చెప్పలేదు. ఇద్దరూ బొట్టుబిళ్ళలతో నెట్టుకొచ్చారు.

"లేదు తల్లీ."

"అస్సలా?"

"మాట్లాడ్తే నోరు కనపడ్తాది. నవ్వితే ఇంకొంచెం. ఊరికే ఉంటే కనపడవు." ఆమె దుప్పటి అంచు సర్దింది. "రేపు ఇది తీసేస్తే నీ ముఖం నాకు గుర్తుండదంట. తీసేలోపల ఒక్కసారన్నా చూడాలనుండాది. చేతకావడం లేదు."

కుముద కాసేపు కళ్ళు మూసుకుంది. నీరసంతో నిద్రపోయిందనుకున్నారు. ఆ తర్వాత, "నాయనా, నా బొట్టుబిళ్ళల అట్టలు తెచ్చినావా?" అంది.

మునిరత్నం సంచీలోంచి తీశాడు. ఎందుకు తెచ్చాడో ఆయనకే తెలియదు. పిల్ల సంచీ సర్దుతూ చేతికి దొరికిందల్లా పడేశాడు.

"అన్నీ అంటించు. ముగ్గు పెట్టేటప్పుడు ముందు చుక్కలు పెడ్తారు గదా, అట్ల. చుక్కలుంటే అమ్మ కలుపుకుంటాది."

చౌడేశ్వరికి మొదట మునిరత్నం వేళ్ళు కనపడ్డాయి. ఆ వేళ్ళ కొసన ఒక బిళ్ళ వెలిగింది. దాని పక్కన ఇంకొకటి. ఎడమ కనుబొమ వంపు వచ్చింది, తర్వాత కుడిది. నుదుటి మీద జుట్టు మొదలయ్యే అంచు. ముక్కు గీత, ముక్కు రంధ్రాల చుట్టూ చిన్నచిన్న బిళ్ళలు. బుగ్గలు ఎక్కడ తిరిగి గడ్డం వైపు దిగుతాయో అక్కడ. కుముద మధ్యమధ్య "ఇంకా కిందికి నాయనా," అని చెబుతోంది. చెప్పినప్పుడల్లా పెదవులు మెరిసి ఆరిపోతున్నాయి. ఎర్రవి అయిపోయాయి. ఆకుపచ్చవి తీశారు, అవి అయిపోతే నల్లవి.

నల్లటి మసకలో చుక్క తర్వాత చుక్క వెలుగుతుంటే, చౌడేశ్వరి వాటిని కలుపుకుంటూ వచ్చింది. జీవితమంతా ఆమె చేసిన పని అదే కదా. ఒక్కో గీతా కుదిరింది. గుండ్రటి బుగ్గలు, మునిరత్నంలాగే కొంచెం ముందుకు వచ్చిన గడ్డం, ఒక కనుబొమ ఇంకోదానికన్నా కాస్త పైకి. చివరికి చీకట్లోంచి ఒక పిల్ల ముఖం ఆమె వంక చూసింది.

"వచ్చినావు," అంది చౌడేశ్వరి. "వచ్చినావు బంగారూ."

కుముద నవ్వింది, ఆ వెంటనే ఏడ్చింది. బుగ్గల మీద చుక్కల మధ్య రెండు ధారలు మెరుస్తూ దిగాయి. కొత్తవి కాబట్టి అవీ కనపడ్డాయి. నర్సు వచ్చి ఆ పిల్ల వాలకం చూసి కేకలు వెయ్యబోయి, ముగ్గురి ముఖాలూ చూసి వెనక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు గింజ తీశారు. ఎమ్మారై తీశారు. ఆ తర్వాత ఆపరేషను.

ఆమెకు స్పృహ వచ్చేసరికి పక్కన ఎవరో మగమనిషి కూర్చుని ఉన్నాడు. చెరిగిన జుట్టు, నలిగిన చొక్కా, నాలుగు రోజుల గడ్డం. ముక్కు మీద చిన్న గాటు. ఎవరో అనుకుని ఆమె దుప్పటి మీదికి లాక్కుంది.

"నేనేలే ఈశ్వరీ," అన్నాడాయన. గొంతు మునిరత్నానిది.

ఆమె ఆ ముఖంలో మునిరత్నం కోసం వెతికింది. దొరకలేదు. గొంతును పట్టుకుని, "బిడ్డ?" అంది.

"ఉండాది. ఇప్పుడే ఏం చెప్పలేమన్నారు. నీ ముక్క దాని ఒంట్లో కుదురుకోవాలంట. ఈ వారం గడిస్తే..."

లేచి కూర్చోగలిగిన రోజున చక్రాల కుర్చీలో పిల్లల వార్డుకు తీసుకుపోయారు. అద్దాల గదుల్లో పిల్లలు పడుకుని ఉన్నారు. అందరూ ఒక్కలాగే ఉన్నారు, గొట్టాలూ కట్లూ మాస్కులూ. ఆమె ఒక్కో ముఖమే చూసుకుంటూ పోయింది. ఎవరూ తన పిల్ల కారు. ఎవరైనా తన పిల్లే కావచ్చు. కడుపున కుట్లు లాగుతుంటే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. కొత్త ఊళ్ళో బస్సు దిగి దారి తప్పినట్టు ఉంది ఆమెకు. మునిరత్నం ఒక గది ముందు కుర్చీ ఆపాడు. పిల్ల భయపడుతుందేమోనని ఆమె నవ్వు తెచ్చిపెట్టుకోబోయింది. రాలేదు.

"అమ్మా." మాస్కు వెనకనుంచి గొంతు బొంగురుగా వచ్చింది. ఆ గొంతు మాత్రం ఆమె ఎరిగిందే. "పొద్దున చూపు చూడవా? నేను నిలబళ్ళేను. పండుకునే ఉంటా."

చౌడేశ్వరి చూసింది.

ముఖమంతా వచ్చింది. వాచిన రెప్పలు, పగిలిన పెదవులు, ఇంకా వదలని పసుపు. నల్లగుడ్డు చుట్టూ తేనె రంగు ఉంగరం. బిళ్ళలు పీకేసిన చోట నుదుటి మీద జిగురు మరకలు వరసగా. ఒక కనుబొమ రెండోదానికన్నా కాస్త పైకి. ఆ ముఖం ఆమెకు గుర్తు లేదు. అందులో పాతదేదీ లేదు, తీసేయడానికి ఏమీ లేదు. అంతా కొత్తదే, అంతా వెలుగుతోంది. ఇంత దుఃఖమూ ఇంత ప్రేమా ఒక్కసారిగా ఆమెకు ఎన్నడూ కలగలేదు.

చాలాసేపు గడిచింది. నర్సు వేళైందని సైగ చేసింది. మునిరత్నం కుర్చీ మీద చెయ్యి వేశాడు.

"ఇంక చాల్లేమ్మా," అంది కుముద. "కన్నార్పు."

చౌడేశ్వరి కన్నార్పలేదు.